ఓబులేసును తలుచుకోవడానికి జమ్మలమడుగు దాకా

కర్నూలు రాజధాని అయిన రెండో వేసవిలో, ఒక ఆదివారం పొద్దున ఆరు గంటలకు ఖాదర్, నేను జమ్మలమడుగు బస్సెక్కాం. టికెట్టు రెండున్నర రూపాయలు. కిటికీ పక్కన చోటు కావాలంటే అయిదున్నరకే వెళ్లాలి.

ఖాదర్ కర్నూలు పాత ఊళ్లో దర్జీ. మద్రాసులో ఉన్నప్పుడు ఒక బట్టల మిల్లు బాస్కెట్‌బాల్ జట్టుకు నిక్కర్లు కుట్టేవాడు. నేను ఆఫీసుతోపాటు మద్రాసు నుంచి తరలివచ్చిన గుమాస్తాను; అక్కడ ఆ జట్టు ఆటలకు వెళ్లేవాణ్ణి. మా ఇద్దరికీ స్నేహం కలిపింది ఆ జట్టులోని ఓబులేసు. మిల్లువాళ్లు ఆయనకు జీతమిచ్చింది బంతి ఆడడానికే. ఆట మానేశాక సొంత ఊరు జమ్మలమడుగు వెళ్లి, తండ్రి నేసిన మగ్గం మీదే కూర్చున్నాడు. రెండు నెలల కింద జ్వరంతో పోయాడనీ, ఈ ఆదివారం సాయంత్రం బడి ఆవరణలో ఆయన పేరున ఒక ఆట ఆడుతున్నామనీ అక్కడి అయ్యవారు ఖాదర్‌కు కార్డు రాశారు.

నేను బయల్దేరడానికి ఇంకో కారణముంది. అది ఖాదర్‌కు కూడా చెప్పలేదు. ఓబులేసు చివరి ఆటలో మోకాలు పట్టేసి, బంతి చేజారి, నేలమీద కూలబడ్డాడు. అప్పుడు జనంలోంచి "దిగిపో ముసలోడా!" అని మొదట అరిచింది నేనే. నా వెనక వందల గొంతులు అందుకున్నాయి. ఆయన తలెత్తి మా వైపు చూశాడు. ఆయనకప్పుడు ముప్పై నాలుగేళ్లు.

ఓర్వకల్లు దగ్గర గుట్టల మీది రాళ్లు లేత ఎండలో ఇంకా నిద్రలేవనట్టు కనిపించాయి. తొమ్మిదింటికి బనగానపల్లె. బస్సు పైన మామిడిపండ్ల గంపలు ఎక్కించారు. అక్కడినుంచి ఆ వాసనలోనే తేలిపోతున్నట్టుంది ప్రయాణం. నా పక్కన కూర్చున్న ముసలమ్మ అడిగింది.

"ఏమప్పా, యాడికి పోతాండారు?"

"జమ్మలమడుక్కమ్మా. ఒక ఆటగాడు చనిపోయినాడు" అన్నాను.

"ఏం ఆట?"

"బంతాట. పైనుండే ఇనుప కడియంలో ఏసేది" అని ఖాదర్ చేతులెత్తి చూపించాడు.

"మీకు బంధువా?"

"ఏమీ కాడమ్మా."

ఆమె మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "ఏమీ కాకపోయినా ఇంత దూరం పోతాండారంటే, మీరు శానా మంచోళ్లప్పా" అని ఒళ్లోంచి రెండు పండ్లు తీసి ఇచ్చింది. నా పండు నేను తినలేకపోయాను.

కోవెలకుంట్ల దాటాక నల్లరేగడి చేలు బీటలు వారి ఉన్నాయి. వాటి అంచుల్లో ఎండమావి నీళ్లలా కదిలింది. కళ్లు సగం మూతపడ్డాయి. ఆ వెలుగులో ఓబులేసు పైకి లేచాడు. ఆయన గాల్లోకి లేస్తే దిగడం మరిచిపోయినట్టుండేవాడు. బస్సు ఎంత దూరం పోయినా పక్కనే, నేలకు బారెడెత్తున, బంతి పట్టుకుని వస్తూనే ఉన్నాడు.

పన్నెండున్నరకు జమ్మలమడుగు చేరాం. బస్టాండు పక్క హోటల్లో జొన్నరొట్టె, శనక్కాయల పొడి బాగుంటాయి. సత్రంలో గది అడగొద్దు. గాలి వరండాలోనే వస్తుంది.

మూడింటికి సాలెవీధికి వెళ్లాం. ఓబులేసు భార్య రామలక్షుమ్మ మమ్మల్ని మగ్గం దగ్గరే కూర్చోబెట్టింది. నేసేవాళ్లు కాళ్లు దించుకునే గుంత చాలా లోతుగా ఉంది.

"ఆయప్ప కాళ్లు పట్టక జానెడు తవ్విచ్చినాము" అంది. "ఇప్పుడు నేను కూసుంటే నా కాళ్లు అందవు. పీట ఏసుకుంటాండా."

ఆమె ఆయన ఆట ఎన్నడూ చూడలేదట.

అయిదింటికి ఆమె కూడా మాతో బడికి వచ్చింది. ఓబులేసు బడి పిల్లల కోసం నిలబెట్టిన కొయ్యస్తంభం, కమ్మరి చేసిన కడియం. వీధిలోని నేతగాళ్లు పంచెలు ఎగగట్టి దిగారు. అయ్యవారు ఈల ఊదారు. ఖాదర్ కూడా పరిగెత్తాడు. నేను ఆమె పక్కన మెట్ల మీద కూర్చున్నాను. పడమటి ఎండలో దుమ్ము బంగారంలా లేచింది.

"ఇట్లనే ఆడేటోడా?" అని అడిగింది.

"ఇంతకంటే చాలా ఎత్తుకు లేచేవాడమ్మా" అన్నాను. ఇక ఆపుకోలేక, చివరి ఆట రోజు నేను అరిచిన మాట చెప్పేశాను.

ఆమె నావైపు చూడలేదు. ఆటనే చూస్తోంది.

"ఆ మాట నాకు చెప్పలేదు" అంది. "మనసులో పెట్టుకున్నాడో ఏమో, నాకు తెల్దు. కానీ ఈడికొచ్చినాక ఎనిమిదేండ్లు ఆయప్ప తల వాల్చితే చాలు, నిద్రపోయేటోడు. నిద్ర లేనిది నీకేమో."

ఆమె గడ్డంతో ఆట వైపు చూపించింది.

"లెయ్యప్పా, పోయి ఆడుపో. ఆడనీకె వచ్చి ఈడ కూసుంటే ఎట్ల?"

చెప్పులు విడిచి దిగాను. ఖాదర్ బంతి అందించాడు. నేను వేసింది కడియానికి కూడా తగల్లేదు. గోడ దాటి వీధిలో పడింది. అందరూ విరగబడి నవ్వారు. వెనక్కి తిరిగి చూస్తే రామలక్షుమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

సోమవారం ఏడింటి బస్సుకు తిరిగి బయల్దేరాం. రామలక్షుమ్మ వీధి చివరి దాకా వచ్చి, "మల్లా సమచ్చరం గూడా రాండి" అంది. తిరుగు దారి గురించి రాద్దామంటే నా దగ్గర ఏమీ లేదు. వెళ్లదలిచినవాళ్లు కోవెలకుంట్లలో టీ దొరుకుతుందో లేదో ఖాదర్‌ను అడగాలి. ఊరు దాటకముందే నాకు నిద్రపట్టింది. కర్నూలు వచ్చిందని అతను భుజం తట్టేదాకా లేవలేదు.