పిన్ని హోటల్ గోడకు నెల నానిన సున్నం

మా వీధిలో ఎవరికైనా కొత్త సినిమా చూడాలనిపించినా, కొత్తగా ఏదైనా వండాలనిపించినా నన్ను అడుగుతారు. నేను పిడుగురాళ్లలో ఒక సున్నపు బట్టీ దగ్గర కాటా గదిలో కూర్చుని లారీల తూకం చీటీలు రాస్తాను. సాయంత్రం పని దిగగానే ఇంటికి కాదు, శాఖా గ్రంథాలయానికి పోతాను. పదో తరగతితో నా బడి ఆగింది, చదువు ఆగలేదు. వారపత్రికలు, నున్నటి కాగితాల మీద ఇళ్ల బొమ్మలు వేసే పత్రికలు, ఎవరూ ముట్టని కట్టడాల పుస్తకాలు, అన్నీ అక్కడి ఫ్యాను కిందే చదివాను. చదివింది నలుగురికీ చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

ఈ మధ్య నేను బాగున్నాయని ఊరంతా చెప్పినవి మూడు: ఒక వెబ్ సిరీస్, ఒక అట్టు, ఒక గోడ. మూడూ ఇప్పుడు మా పిన్ని హోటల్లో ఉన్నాయి.

పిన్ని క్వారీ క్యాంటీన్లో వండేది. అక్కడ వంటను వేరేవాళ్లకు అప్పగించి తనను మాన్పించారు. హైవే పక్కన ఖాళీగా పడి ఉన్న పాత రాతి గది అద్దెకు తీసుకుంది, టిఫిన్ హోటల్ పెడదామని. అది నడవకపోతే మళ్లీ మిరప కోతలకు పోవాలి. మోకాళ్లు అరిగిన మనిషి, పొద్దంతా వంగి కోయాలంటే మాటలు కాదు. "ఏమే, ఇన్ని పుస్తకాలు చదువుతావు గదా, హోటల్ ఎట్టా ఉండాలో ఎక్కడా రాయలేదా?" అని నన్ను అడిగింది. ఆ ప్రశ్న కోసమే నేను పుట్టాననిపించింది.

ముందు ఫోన్లో ఆ సిరీస్ చూపించాను. కథ ఒక చిన్న హోటల్లో నడుస్తుంది. వంటగదికి అడ్డుగోడ ఉండదు, పెనం మీద పిండి పడే చప్పుడు తినేవాళ్లకు వినబడుతుంది. ఆ చప్పుడు కోసమే నేను రెండుసార్లు చూశాను. పిన్ని కూడా కథ సంగతి వదిలేసి, పొయ్యి గుమ్మం పక్కకు రావాలని తేల్చేసింది.

తరువాత అట్టు. పట్నాల్లో జొన్న దోసె కోసం జనం వరస కడుతున్నారని పత్రికలో చదివాను. పిన్ని నవ్వింది, లేనివాళ్ల తిండిని డబ్బున్నవాళ్లు ఇప్పుడు కనిపెట్టారా అని. జొన్నలు, మినుములు, కాసిని మెంతులు నానబెట్టి రుబ్బి, పలచగా పోసి, అంచులు కరకరలాడేదాకా కాల్చాం. పండుమిరప పచ్చడితో ఒకటి తిని, పిన్ని వెంటనే ఇంకోటి పోసుకుంది.

చిక్కంతా గోడ దగ్గరే వచ్చింది. ఆ గది గోడలు చెమ్మ పట్టి, పాత రంగు పెచ్చులుగా రాలిపోతోంది. కొత్తగా కడుతున్న ఖరీదైన ఇళ్లలో లోపలి గోడలకు సున్నపు పూత వేయిస్తున్నారని, అది గోడను ఊపిరి పీల్చనిస్తుందని, చెమ్మ ఆరిపోతుందని నేను బొమ్మలతో సహా చూశాను. సున్నం మా ఊరిదే. ఇక్కడ కాల్చి, లారీలకెత్తి, దేశం మీదికి పంపి, మా ఇళ్లకు మాత్రం డబ్బాల్లో రంగు కొనుక్కుంటాం.

బాబాయి, అంటే పిన్ని భర్త, బట్టీ మీద పనిచేస్తాడు. పూత తనే వేస్తానన్నాడు. సున్నాన్ని నీళ్లలో చల్లార్చాక కనీసం నెల రోజులు నీళ్ల కిందే నాననివ్వాలని పుస్తకంలో ఉందని చెప్పాను. ఆయన బీడీ పక్కన పెట్టి నా వంక చూశాడు.

"పొద్దస్తమానం సున్నంలో ఉండేవోణ్ణి. నాకు పుస్తకం చెప్పుద్దా?"

వీధంతా ఆయన పక్షమే. వాళ్ల తప్పు కూడా కాదు. పండక్కి వెల్ల వేసేటప్పుడు పొద్దున చల్లార్చి సాయంత్రం కుంచె పడతారు, ఏమీ కాదు. పలచటి వెల్ల వేరు, ఇసుక కలిపిన మందపాటి పూత వేరు. చల్లారని పలుకులు లోపల మిగిలితే, అవి గోడెక్కాక తీరిగ్గా ఉబ్బుతాయి. ఆ సంగతి చెప్పబోతే బాబాయి అప్పటికే తాపీ అందుకున్నాడు.

వారం తిరక్కుండా గోడ నిండా చిన్న చిన్న గుంటలు పడ్డాయి. చుట్టాలను పిలిచి మొదటి వాయి అట్లు పెట్టిన రోజున, పైనుంచి తెల్లటి పెచ్చు ఒకటి ఊడి పచ్చడి గిన్నెలో పడింది. పిన్ని గిన్నె తీసుకుపోయి పారబోసింది. బాబాయి ఆ సాయంత్రమే రంగు డబ్బాలు తెచ్చేస్తానన్నాడు. చెమ్మ మీద రంగు నిలవదని అందరికీ తెలుసు. ఇంకో నెల ఆగితే అద్దె కట్టాలి, రాబడి ఉండదు.

పిన్ని నన్నొక్కదాన్నే బయటికి పిలిచింది.

"ఆగితే అయిద్దా?"

"అయిద్ది పిన్నీ."

"నువ్వు చదివిందేనా, నువ్వు అనుకుంటున్నదా?"

"చదివిందే."

పిన్నికి ఆ మాట చాలింది. లోపలికి పోయి బాబాయితో, డ్రమ్ములో సున్నం నానెయ్యమని చెప్పింది. నా మాట మీద ఒక మనిషి తన బతుకును నెల రోజులు ఆపుకోవడం నాకు అదే మొదలు. రోజూ పనికి పోతూ డ్రమ్ములోకి తొంగిచూసేదాన్ని. ఆ నెలంతా పిన్ని ఊరికే కూర్చోలేదు. పొయ్యిని గుమ్మం బయట రేకుల కింద పెట్టి జొన్నట్లు పోసింది. లారీ డ్రైవర్లు నిలబడే తిన్నారు.

నెల దాటాక డ్రమ్ములో సున్నం గడ్డపెరుగులా మెత్తగా వచ్చింది. వేళ్ల మధ్య రుద్దితే ఒక్క పలుకు లేదు. బాబాయి దాన్ని పాత పంచెలో వడకట్టి, ఇసుక కలిపి, పాత పూతంతా గీకేసి మళ్లీ వేశాడు. నున్నటి గులకరాయితో గోడంతా రుద్దాడు. ఈసారి పుస్తకం ఆయనే అడిగి తెప్పించుకున్నాడు, బొమ్మలు చూడ్డానికేనట.

ఆ గోడ మీద ఇప్పటిదాకా ఒక్క గుంట పడలేదు. మిట్టమధ్యాహ్నం చెయ్యి ఆనిస్తే చల్లటి నీళ్ల కుండను తాకినట్టుంటుంది. ఈ ఏడు మిరప కోతలు మొదలయ్యాక, కూలీల ఆటోలు తెల్లారగట్ల పిన్ని హోటల్ ముందే ఆగుతున్నాయి, టిఫిన్ల కోసం. వెల్దుర్తి నుంచి వచ్చిన ఒకాయన గోడను నిమిరి చూసి, కట్టుకుంటున్న ఇంటికి ఇలాంటిదే కావాలన్నాడు.

"నెల నానాలి. తొందరపడేటోళ్లకి నేను చెయ్యను" అన్నాడు బాబాయి.

పక్క బల్ల దగ్గర నేను అట్టు తింటున్నాను. ఆయన నా వైపు చూడలేదు. చూడనక్కర్లేదు కూడా, నా కడుపు నిండిపోయింది.

కాబట్టి హైవే మీద పోయేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఆగి జొన్నట్టు తినండి, పెనం చప్పుడు వినండి, గోడను ముట్టి చూడండి. ముందు చేతులు కడుక్కోండి. పచ్చడి చేతులతో ముట్టేవాళ్లు ఎక్కువై, పిన్ని మొన్న ఆ చేతుల మీద ఒకటి వెయ్యడానికి ఒక గరిటె ప్రత్యేకంగా పక్కన పెట్టుకుంది.