తుమ్మచెట్టును జరిపిన మా పెద్దమ్మ

పోయిన మంగళవారం పొద్దున నేను తెల్లాపూర్‌లో ఆఫీసుకు బయలుదేరుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "అక్క పోయింది బిడ్డా. చాయ్ తాగి, కుర్సీల కూసున్నది కూసున్నట్టే పోయింది" అంది. అక్క అంటే మా పెద్దమ్మ.

పెద్దమ్మ పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. అక్కడ "హెల్మెట్ పెట్టుకోండి" లాంటి బోర్డులు రాస్తూ కుంచె పట్టడం నేర్చుకుంది. రిటైరయ్యాక బోర్డులు వదిలి చెరువులు పట్టుకుంది. ఆదివారం ఆదివారం ఆమెను కారులో అమీన్‌పూర్ చెరువుకు తీసుకెళ్లడం నా వంతు.

గట్టు మీద కూర్చుని చాలాసేపు ఏమీ గీసేది కాదు. "ముందుగాల కండ్లు నిండాలె, అప్పుడే చెయ్యి కదులుతది" అనేది. తర్వాత చిన్న నోటుపుస్తకంలో పెన్సిల్‌తో గబగబా గీతలు. రంగులు వెంట తెచ్చేది కాదు, వాటి పేర్లు రాసుకునేది. ఆకాశం దగ్గర 'ఉల్లిపొట్టు', నీళ్ల మీద 'బియ్యం కడుగు', అవతలి ఒడ్డుకు 'మాడిన రొట్టె'. ఆ పుస్తకం చూస్తే నాకు ఆకలేసేది.

ఇంటికొచ్చాక ఆ కాగితాలను మేడ మీది రేకుల గదిలో తాడుకు క్లిప్పులు పెట్టి ఆరేసేది. వారం పది రోజులు వాటి కింద తిరిగేది. ఒకదాంట్లోంచి ఆకాశం, ఇంకోదాంట్లోంచి ఒడ్డు తీసుకుని పెద్ద కాన్వాసు మీద వేసేది. ఒకసారి నాకు దొరికిపోయింది.

"పెద్దమ్మా, తుమ్మచెట్టు ఎడమ పక్కకు కదా ఉన్నది?"

"అవ్. ఆడుంటే నీళ్లు కనవడుతలేవు. జెర జరుగమన్న, జరిగింది."

ఆమె బొమ్మల్లో చెరువు అవతల ఫ్యాక్టరీ చిమ్నీ తప్పకుండా ఉండేది. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ, పెద్దమ్మ మా ఫ్లాట్‌కు తెచ్చిన ఒక బొమ్మ చూసి ముచ్చటపడి, కింద లాబీలో పెడతామన్నారు. "ఆ చిమ్నీ ఒక్కటి తీసెయ్యండమ్మా. చెట్టును జరిపిన్రట కదా!" అన్నారు. ఆ సంగతి ఆయనకు చెప్పింది నేనే. తల దించుకున్నాను.

పెద్దమ్మ నవ్వింది. "చెట్టు జరిగినా అది మా చెరువే సారూ. చిమ్నీ తీస్తే ఏ ఊరిదో అయితది. నా ఉమర్ మొత్తం దాని కిందనే గడిచింది."

ఆయన ముఖం ముడుచుకుని వెళ్లిపోయారు. ఆ బొమ్మను లాబీలో చూడాలని ఎంతో ఆశపడ్డ నాకు ఉసూరుమంది. ఆమె మాత్రం ఇంకో మూడు ఆదివారాలు వెళ్లి ఒట్టి చిమ్నీనే గీసుకొచ్చింది. కొత్త కాన్వాసులో చిమ్నీ మునుపటికన్నా పెద్దదైంది. నీళ్లలో దాని నీడ, బొమ్మ చూసేవాళ్ల కాళ్ల దాకా వచ్చినట్టుంది. సెక్రటరీ దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. "ఇదే పెడదామమ్మా" అన్నారు చివరికి. ఇప్పుడు లిఫ్టు కోసం ఆగినవాళ్లు, లిఫ్టు వచ్చినా ఒక్కోసారి ఎక్కడం మరిచిపోతారు.

ఆమె గుర్తొస్తే నాకు ఏడుపుకన్నా ముందు నవ్వే వస్తోంది. చివరిసారి చెరువుకు వెళ్లినప్పుడు, గీసిన కాగితం చింపి నా చేతికివ్వబోతుంటే గాలికి ఎగిరిపోయింది. "పట్టు బిడ్డా, పట్టు! గటు వోతున్నది!" అని అరుస్తూ, కుచ్చిళ్లు పైకి పట్టుకుని, డెబ్బై ఏళ్ల మనిషి పరుగందుకుంది. మేస్తున్న బర్రెలు తలలెత్తి చూశాయి. కొంగలు ఒక్కసారిగా లేచాయి. ముందు కాగితం, దాని వెనక పెద్దమ్మ, ఆమె వెనక నవ్వు ఆపుకోలేక, పరుగెత్తలేక నేను.