అరంగుళం అత్త

వీధి మలుపులో, మెట్ల కింద ఉన్న ఒంటిగది కుట్టు దుకాణం ఆమెది. అసలు పేరు అడిగితే వీధిలో సగం మంది తల గోక్కుంటారు. అరంగుళం అత్త అంటే మాత్రం పాలవాడి కుక్క కూడా దారి చూపిస్తుంది. ఏ గుడ్డ కత్తిరించినా కుట్టుకి వదలాల్సింది కాక, ఇంకో అరంగుళం లోపలికి మడిచి వదిలేది. "మనుషులు పెరుగుతారు, గుడ్డ పెరగదు" అనేది. ఎదుటి బేకరీ యజమాని తన పెళ్లికి కుట్టించుకున్న కోటును ఇరవై రెండేళ్లు తొడుక్కున్నాడు. ఆయన పొట్ట పెరిగినప్పుడల్లా అత్త ఒక కుట్టు విప్పేది. చివరికి అందులో కోటెంతో, వదిలిన గుడ్డెంతో ఆయనకే తెలియలేదనీ, ఆయన పోయాక ఆ గుడ్డలోంచి ఇద్దరు మనవలకు చొక్కాలొచ్చాయనీ చెప్పుకుంటారు. చొక్కాల మాట అబద్ధం కావచ్చు. కోటు మాత్రం నిజం.

అన్న కూతురు ఆమె దగ్గరికి పద్నాలుగో ఏట వచ్చింది. బడిలో ఆ పిల్లకు పెట్టిన పేరు 'ఎందుకమ్మ'. రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకవుతుందని అడిగింది. "అవుతుంది, రాసుకో" అన్నారు. మళ్లీ అడిగితే వరండాలో నిలబెట్టారు. ఆ ఏడాది ఎన్ని గంటలు నిలబడిందో గాని, ఆమె భుజం ఆనిన చోట గోడ నున్నబడింది. కొన్నాళ్లకు అడగడం మానేసింది. తర్వాత మాట్లాడటమే మానేసింది. ఇంట్లో ఉప్పు కావాలన్నా చేత్తో చూపించేది. ఒకరోజు పొద్దున్నే బూట్లు తొడుక్కుని, సంచీ తగిలించుకుని, గుమ్మంలో కూర్చుంది. బడికి మాత్రం ఇక లేవలేదు.

తండ్రి బస్సు డిపోలో టైమ్ కీపరు. రెండు నిమిషాలు ఆలస్యమైన బస్సును క్షమించని మనిషి, కూతురి కోసం మూడు వారాలు ఆగాడు. ఆ తర్వాత అత్తే వెళ్లి అడిగింది.

"పిల్లను ఒక్క ఏడాది నాకివ్వు అన్నయ్యా. పరీక్ష బయటి నుంచి రాయిస్తాను."

"ఏడో క్లాసు గట్టెక్కని దానివి, నువ్వేం చెబుతావే?"

"నాకు రానిది ఇద్దరం నేర్చుకుంటాం."

"తప్పితే?"

"తప్పితే మళ్లీ అదే బడి. నేను నోరెత్తను."

అలా మిషను పక్కన రెండో స్టూలు పడింది. గౌను కింది అంచు ఘేరాలో చుట్టుకొలత దొరికింది. పెద్ద చొక్కాను చిన్నది చేయడంలో నిష్పత్తి దొరికింది. రుణ సంఖ్యల సంగతి అత్తకు అంతకుముందు తెలియదు. రెండు రోజులు ఆలోచించి, చేతిలో ఉన్న దిండు గలేబును తిరగేసి చూపించింది. "తిరగేశాను. ఇది చెడ్డవైపు. మళ్లీ తిరగేస్తే?"

"మంచివైపు" అంది పిల్ల. నాలుగు నెలల్లో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. అత్త గలేబు ముఖానికి అడ్డం పెట్టుకుని దారం తెంపుతున్నట్టు నటించింది. ఆ తర్వాత ఆ పిల్ల మాటల్లో మిషను చప్పుడు వినపడటమే గగనమైంది.

పరీక్షలో అన్నీ గట్టెక్కాయి. లెక్కలు మూడు మార్కుల్లో పోయాయి.

కాగితం చూపించమని అడగడానికి అత్త బడికి వెళ్లింది. ముప్పై ఏళ్ల తర్వాత బడి గేటు దాటుతూ మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంది. పక్కన పిల్ల మళ్లీ బిగుసుకుపోయింది. లెక్కల మాస్టారు కాగితాల గుట్ట వెనక నుంచి తలెత్తి, వెతికి, ఒక కాగితం బయటికి తీశారు. ఎర్ర గీతలున్న నాలుగు లెక్కలూ కొలతలవే.

అత్త వేలితో ఒక్కో జవాబునూ తడిమింది. గదికి తివాచీ ఎంత కావాలన్న లెక్క. నాలుగు వైపులా అరంగుళం వదిలి ఉంది. బల్లకు గుడ్డ. అరంగుళం. కిటికీకి అద్దం. అరంగుళం.

"తప్పు పిల్లది కాదండీ. నా చేతి అలవాటు ఇది."

మాస్టారు పిల్లవైపు తిరిగారు. "తివాచీ అంటే సరే, మడుస్తారనుకుందాం. చెరువుకు కూడా వదిలావేంటమ్మా?"

అత్త పిల్ల బదులు తానే జవాబు చెప్పబోయింది. కాని బడిలో ఎప్పుడో మాట మానేసిన పిల్లే నోరు విప్పింది.

"నీళ్లు గీత దగ్గర ఆగవు కదా సార్. ఒడ్డు కూడా తడుస్తుంది."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వన్నదాంట్లో తప్పు లేదు. కాని నాకిచ్చిన జవాబుల పట్టీలో ఒడ్డు లేదమ్మా" అన్నారు. మార్కులు మారలేదు.

సాయంత్రం అన్న వచ్చాడు. సంగతంతా విన్నాడు. "మాటంటే మాటే" అన్నాడు, గొంతు పెంచకుండానే. అత్త ఒప్పుకున్నట్టు తలూపింది.

పిల్ల ఆమెవైపు చూసిన చూపు సూదిలా దిగింది. "నువ్వూ అంతేనా అత్తా? నిన్నూ బడిలోంచి వెళ్లగొట్టారన్నావుగా."

అత్త చేతిలో టేపు చుట్టింది, విప్పింది. "అబద్ధం చెప్పానే. నన్నెవరూ వెళ్లగొట్టలేదు. ఎక్కాలు రాక, సిగ్గేసి, నేనే లేచి వచ్చేశాను. ఆ రోజు నుంచి బడి మీద కోపాన్ని సాకుతున్నాను. నాకొచ్చింది నీకు నేర్పాను. నాకు రానిది ఎక్కడ మొదలవుతుందో చెప్పలేదు. గుడ్డకు ఒక లెక్క, కాగితానికి ఒక లెక్క ఉంటాయని చెప్పాల్సింది. నాకే తెలియదు మరి."

మిషను మీద సగం కుట్టిన కాలరు వేలాడుతోంది. అన్న గడియారం చూసుకోవడం మర్చిపోయాడు.

చివరికి పిల్లే మాట్లాడింది, అత్తతో కాదు, తండ్రితో. "వెళ్తాను నాన్నా. కాని అర్థం కానిది అడుగుతాను. నన్ను నోరు మూసుకోమన్న రోజు మధ్యలోనే లేచి ఇక్కడికి వచ్చేస్తాను. నువ్వు ఏమీ అనకూడదు."

"బడి నీ ఇష్టప్రకారం నడవదే."

"తెలుసు. అందుకే నిన్ను అడుగుతున్నాను."

అన్న చెల్లెల్ని చూశాడు. కూతురు మాట్లాడక ఇంట్లో గడిచిన నెలలు అతనికీ గుర్తున్నాయి. "సరే. దారిలో ఎక్కడా ఆగకుండా రావాలి" అన్నాడు.

బడి తెరిచిన మొదటి వారం పిల్ల నాలుగు రోజులు మధ్యలోనే దుకాణానికి వచ్చేసింది. రెండో వారం మూడు రోజులు. అత్త తల ఎత్తకుండానే కాలితో స్టూలు జరిపేది. ఎందుకొచ్చావని ఒక్కనాడూ అడగలేదు.

"ఇవాళ ఏం అడిగావు?" అనేది.