బావ తెచ్చిన పుల్లర్

మా ఇంట్లో జీపు నడిపేది నేను కాదు, నా భార్య. గంగారం దాటాక అడవిలో ఉన్న చిన్న బడిలో ఆమె టీచరు. బస్సు గంగారంలోనే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి రాళ్లబాట, రెండు వాగులు. జీపు తప్ప దిక్కులేదు. దసరా సెలవుల్లో ముందు చక్రం దగ్గర ఏదో చప్పుడవుతోందంటే మహబూబాబాద్‌లో మా వీధి చివరి మెకానిక్‌కు చూపించాను. అతను జాకీ ఎత్తి, చక్రాన్ని పట్టుకుని ఊపి, బాల్ జాయింట్లు పోయాయన్నాడు. చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే కీళ్లవి. నడుస్తుండగా ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది, బండి తిరగబడుతుంది. సోమవారం బడి తెరుస్తారు.

ఎలా తీస్తావని మెకానిక్‌ని అడిగాను.

"ఏముందన్నా, గ్యాస్‌తోటి ఎర్రగ కాల్చి జర గట్టిగ రెండేస్తె అదే దిగుతది."

జాయింటు కూర్చునే రంధ్రం ఆ దెబ్బలకు సాగిపోతే కొత్తది ఎంత మంచిదైనా అందులో నిలవదు. ఆ మాట చెబితే నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. మా వైపు ఏ పనికైనా ముందు సుత్తే లేస్తుంది. ట్రాక్టరుకూ అదే, బోరు మోటరుకూ అదే, తలుపు పట్టేసిన బీరువాకూ అదే. మోటర్లు బాగుచేసి బతికేవాణ్ని, ఇనుముతో నాకూ కొంత పరిచయం ఉంది. నేనే చేసుకుంటానని జీపు ఇంటికి తెచ్చుకున్నాను.

జాయింటును నొక్కి తీసే బిగింపు కోసం జనగామలో పనిముట్ల దుకాణానికి వెళ్లాను. వంగిన ఇనుప చట్రం, దానికో లావు మరచీల, వాటితోపాటు పెట్టెలో రకరకాల గిన్నెలు ఉంటాయి. మర తిప్పితే పాత జాయింటు మెల్లగా గిన్నెలోకి దిగాలి. గిన్నె జాయింటుకన్నా కాస్త వెడల్పుండాలి, అంచు మాత్రం రంధ్రం చుట్టూ సరిగ్గా ఆనాలి. అందుకని కొత్త జాయింటును సంచిలో వేసుకుపోయి ఒక్కో గిన్నెలో పెట్టి చూడసాగాను. షావుకారికి ఒళ్లు మండింది.

"ఇది చెప్పుల దుకాణమా అన్నా, అన్నీ తొడిగి చూస్తున్నవ్? గిది ఏ బండికైనా పనికొస్తది."

"ఏ బండికైనా పనికొస్తె గిన్ని గిన్నెలెందుకు సేటూ?"

మూడో పెట్టె విప్పించాక కుదిరింది.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో బావ కూర్చుని ఉన్నాడు. మా అక్క భర్త, భూపాలపల్లిలో బొగ్గు గని యంత్రాల మీద ఫిట్టరు. జీపు సంగతి ఫోన్లో అక్కకు చెప్పేశాను, నా నోరు ఊరుకోదు కదా! బిగుసుకున్న భాగాల్ని కాళ్లతో పట్టి లాగే పెద్ద పుల్లర్, ఏదో వేలంలో కొనుక్కున్నదాన్ని గోనెసంచిలో మోసుకుని బస్సులో వచ్చాడు. మా ఇళ్లలో బావ వస్తే కోడి కోయాలి, బావ తెచ్చింది వాడాలి. వద్దంటే మనిషినే వద్దన్నట్టు. ఆ పుల్లర్ బొగ్గు లారీలకు సరిపోయేది. దాని కాళ్లు జీపు చక్రం వెనక పట్టనే లేదు. ఎటు తిప్పినా పట్టలేదు.

"గిది రాకుంటే ఏంది బామ్మర్దీ, సుత్తె లేదా?" అని సుత్తి అందుకుని జాయింటు మీద ఒకటేశాడు. మళ్లీ ఒకటేశాడు. నా భార్య గరిట పట్టుకునే బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇక నావల్ల కాలేదు.

"బావా, ఆపు. నేను తెచ్చినదాంతోటే తీస్త."

"ఇన్నేండ్ల సంది ఫిట్టర్ పని చేస్తున్న. నాకే చెప్తున్నవా?"

"నీకు తెల్వదని కాదు. గీ బండిల ఆమె ఒక్కతే అడవిల పోతది బావా."

బావ పుల్లర్‌ను సంచిలో వేసుకుని లేచాడు. చేతులు కూడా కడుక్కోలేదు. తిని పొమ్మని వీధి చివరిదాకా వెంటపడ్డాను. ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

తిట్టుకుంటూనే చట్రం బిగించాను. మర తిప్పుతుంటే పాత జాయింటు మెల్లగా దిగింది. రంధ్రం చుట్టూ వేలితో తడిమి చూశాను, ఎక్కడా దెబ్బ తగల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకుందామంటే చేతులనిండా గ్రీసు.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"పెండ్లాం ముందట బావ ఇజ్జత్ తీస్తవా తమ్మీ? తినకుండ పంపిస్తవా?"

"గా బండిల నువ్వు కూసునేదుంటె గూడ గదే మాట అందును అక్కా."

పక్కన ఎవరో వింటారన్నట్టు అక్క గొంతు తగ్గించింది.

"పోయినేడు మా కారుకు జాయింట్లు మీ బావనే ఏసిండు తమ్మీ. సుత్తెతోనే. పిల్లల్ని తీసుకపోతుంటె ఒకదిక్కు గుంజుతది. చెప్తె నీకేం తెల్వదని నన్నే అంటడు."

"అక్కా, ఆ కారు కదిలియ్యకు. నేనొస్తున్న," అన్నాను. బావ మళ్లీ అలిగితే అలగనీ.