చూస్తే అంటుకుంటుందని

నన్ను ఎవరైనా కాస్త ఎక్కువసేపు చూస్తే నాకు ఇబ్బంది. క్లాసులో లెక్చరర్ పేరు పిలిస్తే లేచి నిలబడేలోపే చెవులు వేడెక్కేవి. పెళ్లిళ్లకు పోతే చివరి వరస కుర్చీలో కూర్చుని పుస్తకంలో తల దూర్చేదాన్ని. అమ్మ చూపు ఒక్కటే నాకు బరువనిపించేది కాదు. కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, రాట్నం తిప్పుతూనే తలెత్తి ఒకసారి చూసేది. "ఏమైంది? ఎవలన్న ఏమన్న అన్నరా?" అనేది. ఆ రోజు సంగతి నేను డైరీలో రాసుకోకముందే ఆమెకు తెలిసిపోయేది.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా అమ్మ కళ్లు మొదటిసారి ఎర్రబడ్డాయి.

మాది వరంగల్‌లో కొత్తవాడ. ముందుగదిలో మగ్గం ఉంటుంది. బాపు జంపఖానాలు నేస్తాడు, అమ్మ నూలు చుట్టి అందిస్తుంది. ఆ రోజు మా నాయనమ్మ అమ్మ గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసి, "కండ్లకలక పిల్లా, ఇంకేంది," అని తేల్చేసింది. మా ఇళ్లలో దానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. తువ్వాల వేరు, చెంబు వేరు, తలకింద మెత్త వేరు. అన్నిటికన్నా పెద్దది, ఆ కళ్లలోకి ఎవరూ చూడకూడదు, ఆ కళ్లు ఎవరినీ చూడకూడదు. చూస్తే అంటుకుంటుంది. నాయనమ్మ నందివర్ధనం పూలు తడిపి అమ్మ రెప్పల మీద పెట్టింది. బాపు బజార్లో నల్ల అద్దాలు కొనుక్కొచ్చాడు.

"సినిమా దానోలె ఉన్నవే," అని నవ్వాడు.

"ఔ మరి. నూలు సుట్టే హీరోయిన్ను," అంది అమ్మ.

మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కల మందుతో తగ్గింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. మళ్లీ అవే చుక్కలు, అవే అద్దాలు. మధ్యమధ్యలో నోరంతా పూసేది. కారం తగిలితే కళ్లనీళ్లు పెట్టుకుని మజ్జిగన్నంతో సరిపెట్టుకునేది. "వేడి చేసింది" అని దానికి బి-కాంప్లెక్స్ గోలీలు. మోకాళ్లు వాస్తే పొద్దంతా కూర్చునే పని కదా అని ఏదో నొప్పుల మందు రాసేవాళ్లం. నోరూ కళ్లూ మోకాళ్లూ ఒకే జబ్బు సంగతి చెబుతున్నాయని మాలో ఎవరికీ తోచలేదు.

కళ్లు ఎర్రబడిన ప్రతిసారీ అమ్మ నన్ను చూడటం మానేసేది. అన్నం పెట్టేటప్పుడు ముఖం గోడ వైపు తిప్పుకుని, కంచం అంచును వేలితో తడుముకుంటూ వడ్డించేది.

"అమ్మా, గోడకు పెడ్తానవా అన్నం?"

"గోడనే నయం. నీ లెక్క కూరకు వంకలు పెట్టది."

ఎరుపు తగ్గినా వెంటనే ఇటు తిరిగేది కాదు. "ఇంకో రెండొద్దులు కానియ్యి, ఎందుకైనా మంచిది," అనేది. ఆ రెండు రోజుల్లో మళ్లీ ఎర్రబడేవి. పోను పోను ఆమె నన్ను చూసిన రోజులకన్నా చూడని రోజులే ఎక్కువయ్యాయి. బడి పిల్లలా జడలు వేసుకునేదాన్ని, జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్నాను. ఆ సంగతి అమ్మకు నాయనమ్మ తిట్ల ద్వారా తెలిసింది.

డిగ్రీ ఆఖరి సంవత్సరం, కాలేజీలో వీడ్కోలు సభ రోజు, మొదటిసారి చీర కట్టుకున్నాను. అమ్మ పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ చీర. కుచ్చిళ్లు నాకు చాతకాలేదు. పిలిస్తే అమ్మ అద్దాలతో వచ్చి, కిటికీ వైపు ముఖం తిప్పుకుని నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. వేళ్లతోనే కుచ్చిళ్లు సరిచేసి పిన్ను గుచ్చింది. అంచు మడమల దాకా వచ్చిందో లేదో అరచేతితో కొలిచి చూసుకుంది.

"ఒక్కసారి చూడమ్మా, ఎట్లున్ననో."

"పరీక్షలున్నయ్ బిడ్డా. గిప్పుడు నీకంటితె ఏడాది పోతది. నా కండ్లు తెల్లగైనంక మల్ల కట్టుకో, కడుపు నిండ చూస్త."

అప్పటికి ఆమెకు చూపు ఉంది. కొంచెం మసకగా ఉంటోందనేది, అంతే. కిటికీలోంచి ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టలు కనిపిస్తున్నాయి. ఆ రోజు అమ్మ ఆ బట్టలను చూసింది.

తర్వాత వచ్చిన ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం బాపు నీలం నూలు అడిగితే అమ్మ నల్లది అందించింది.

"ఏమే, నీలం అడిగితి గదా?"

"చీకట్లున్నది. జర లైటెయ్యి."

బయట ఎండ మండిపోతోంది. బాపు మగ్గం ఆపి నా వైపు చూశాడు.

వరంగల్‌లో చూసిన కళ్ల డాక్టరు ఆలస్యం చేయవద్దని హైదరాబాద్‌లోని పెద్ద దవాఖానకు పంపించాడు. అక్కడి డాక్టరమ్మ చాలాసేపు అమ్మ కళ్లలోకి లైటు వేసి చూసింది. అమ్మ కళ్లలోకి అంత దగ్గరగా ఒక మనిషి చూడటం నేను చూసి ఎన్నేళ్లయిందో! ఆవిడ లైటు ఆర్పి, "నోట్లో పుండ్లు వస్తుంటాయా అమ్మా?" అని అడిగింది. కళ్ల దవాఖానలో నోటి గురించి ఎందుకు అడుగుతున్నారో తెలియక అమ్మ నా గొంతు కోసం ఇటు తిరిగింది. వస్తాయని నేనే చెప్పాను. మోకాళ్ల సంగతి కూడా చెప్పాను.

ఆవిడ మాకు అర్థమయ్యేలా చెప్పింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు. బెషెట్ అంటారట. రక్తనాళాలు వాస్తాయి, నోట్లో, కీళ్లలో, కంట్లో. మేము చూసిన ఎరుపు పైపైది, వచ్చిన ప్రతిసారీ అది కంటి వెనక పొరను కొంచెం కొంచెం పాడుచేసి పోయింది. చుక్కల మందు ఎరుపును తగ్గించిందే తప్ప అంత లోపలికి పోలేదు. కుడికంటికి ఇక వెలుతురు మాత్రమే తెలుస్తుంది. ఎడమకంట్లో నడుమ చూపు పోయింది, పక్కన కాస్త మిగిలింది.

"ఆపరేషన్ చేస్తె?" అన్నాడు బాపు.

"ఇకముందు ఇంకా పాడవకుండా మందులతో చూసుకుంటాం. మిగిలింది కాపాడటానికే ప్రయత్నం. పోయింది మాత్రం తెచ్చివ్వలేం."

బాపు తలను రెండు చేతులతో పట్టుకున్నాడు. అమ్మ డాక్టరమ్మ వైపు తిరిగి, "అంటుకోదా మేడం?" అంది.

"ఏదమ్మా?"

"గిదే. నేను చూస్తె. నా బిడ్డకు."

"లేదమ్మా. ఇది ఎవరికీ అంటుకోదు. మొదట్నుంచీ అంటుకునేది కాదు."

అమ్మ మెల్లగా తలూపింది. తన చూపు గురించి ఒక్క మాటా అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. బాపు చాయ్ ఇప్పిస్తే తాగింది. కాజీపేటలో దిగేవాళ్లు సామాన్లు సర్దుకుంటుండగా నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"ఉత్తగనే," అంది. "ఉత్తగనే గోడను చూసుకుంట కూసున్న."

వరంగల్‌లో దిగేదాకా నేను ఆ చెయ్యి వదల్లేదు.

ఇంటికొచ్చాక నాయనమ్మ ఆ నల్ల అద్దాలు విరిచి పారేసింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. "ముసల్దానా, తిను. నువ్వు గిట్ల మంచాన పడితె నిన్ను చూసుడు ఎవరితోని అయితది?" అని అమ్మే బతిమాలింది.

ఇప్పుడు అమ్మ మందుల మీద ఉంది. కళ్లు ఎర్రబడటం తగ్గింది. బాపు నూలును రంగుల వారీగా వేరువేరు గంపల్లో పెడితే, అమ్మ చేత్తో తడిమి అందిస్తుంది. నేను ఒక స్కూల్లో లైబ్రరీ చూసుకుంటున్నాను.

మొన్న ఆదివారం పొద్దున తలస్నానం చేసి గడపలో ఎండకు కూర్చున్నాను. అమ్మ పీట జరుపుకుంటూ నా దగ్గరికి వచ్చింది. వచ్చి, ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"అమ్మా, అంటదని చెప్పిన్రు గదనే. ఇటు చూడు."

"నిన్నే చూస్తాన పిల్లా. గిట్ల తిప్పితెనే కనవడ్తవ్. సక్కగ చూస్తె నడుమ నువ్వుండవ్. కదలకు జర."

నేను కదల్లేదు. పక్కకు తిరిగిన ఆ ముఖంలో ఎడమకన్ను నా మీద మెల్లగా జరుగుతోంది. చెవి దగ్గర ఆగింది, చెంప మీదికి వచ్చింది, ఎక్కడో జారిపోయి మళ్లీ వెతుక్కుంది. వీధిలో పాలబండి హారన్ కొట్టుకుంటూ పోయింది. గడపలో ఎండ పక్కకు జరిగింది.

"సన్నవడ్డవ్," అంది అమ్మ.

ఆమె చివరిసారి నన్ను సరిగా చూసినప్పటికన్నా ఇప్పుడు లావయ్యాను. చిన్నమ్మలు నవ్వేంత లావయ్యాను. అమ్మకు కనిపించింది నా ముఖంలో ఒక సన్నని పక్కభాగమేనేమో, నాకు తెలియదు.

"అవునమ్మా," అన్నాను.

"తింటలేవు. పుస్తకాలు పట్టుకుంటె నీకు ఆకలి యాదికుండది. లే, కంచం తెచ్చుకో."

తెచ్చుకున్నాను. ఆమె పెట్టినంతా తిన్నాను. ఇంకొంచెం పెట్టమని అడిగాను.