ఏడో ఇంటి లెక్క

ముప్పై ఏళ్లు పిల్లలకు భిన్నాలు నేర్పినవాణ్ని. సగంలో సగం ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పట్టపగలు, మెలకువగా ఉండగా అడిగారు చూడండి, అప్పుడు తెల్లమొహం వేశాను. ఆ తెలివితక్కువతనానికి నేను పెట్టుకున్న ముద్దుపేరు మర్యాద.

కార్వాన్‌లో మా సందు ఎంత వెడల్పంటే, రెండు బండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. ఇంటర్నెట్ తీగ సందు మొదటి ఇంటి దాకానే వచ్చింది. ఆపైన లాగడం మా వల్ల కాదని కంపెనీ వాళ్లు చేతులెత్తేశారు. రాతిగోడల మధ్య ఫోన్ సిగ్నల్ సంగతి చెప్పనక్కర్లేదు. బడి నన్ను వద్దనుకున్నాక ఆన్‌లైన్ ట్యూషన్లే నా బతుకు కాబట్టి అందరికన్నా తొందర నాదే. చివరికి ఏడిళ్ల వాళ్లం కలిసి మెష్ పెట్టించుకున్నాం. మొదటి ఇంటి కనెక్షన్‌ను డాబాల మీది డబ్బాలు ఒకదాని నుంచి ఒకటి గాల్లోనే అందుకుంటూ చివరిదాకా చేరవేస్తాయి.

డబ్బాలు బిగించే మనిషి ముందే చెప్పాడు.

"సార్, గీ డబ్బా ఇనేటప్పుడు మాట్లాడది, మాట్లాడేటప్పుడు ఇనది. ఒక్కో ఇల్లు దాటుతుంటే స్పీడు సగం సగం అయితది. మీ డాబా మొదటింటికి సీదా కనపడ్తది. మీదే రెండోది పెట్టాల్నా?"

చుట్టూ ఇరుగుపొరుగు నిలబడి ఉన్నారు. ఈ ఊళ్లో గుమ్మం దగ్గర ఇద్దరు తారసపడితే "పహ్లే ఆప్", ముందు మీరు అంటే ముందు మీరు, అనకుండా ఎవరూ లోపలికి పోరు. నేనూ అదే ధోరణిలో, "ముందు వీళ్లందరికి ఇయ్యి భాయ్, నాది ఆఖరికి చూద్దాం" అన్నాను. అలా అన్నవాణ్ని "అరె, మీరే ముందు సార్" అని బలవంతపెట్టడం ఎదుటివాళ్ల వంతు. ఆ రోజు ఆ వంతు ఎవరూ తీసుకోలేదు. అందరూ "షుక్రియా సార్" అన్నారు.

నా డబ్బా ఏడోదయింది. క్లాసులో మాట వెళితే బొమ్మ వెళ్లేది కాదు, బొమ్మ వెళితే మాట వెళ్లేది కాదు. సుద్దముక్క ఎత్తి పట్టుకుని శిలావిగ్రహమైపోయేవాణ్ని, దండ ఒక్కటే తక్కువ. అంతర్జాలం అంటారు గానీ, నా దాకా వచ్చేసరికి జాలం పోయి జాలి మిగిలింది. ఆ జాలీ ఎక్కువ కాలం నిలవలేదు. ఒక తల్లి ఫోన్ చేసి, "సార్, మీరు మంచిగనే చెప్తరు. గని మా పోరడు గంటసేపు మీ ఫొటో చూస్కుంట కూసుంటుండు" అంది. ఒక్కొక్కరే మానేసి, ఆఖరికి నలుగురు మిగిలారు.

మెష్‌కు పెత్తనమంతా మొదటి ఇంటి పెద్దాయనదే. రిటైరైన ఆఫీసరు. నేను ఆయన దగ్గరికి వెళ్లేసరికి గోడంత టీవీలో క్రికెట్, బంతి మీద కుట్లు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా.

"అన్నా, నా డబ్బాను మీదానికి సీదా కలపనియ్యుండ్రి. పిల్లలు పోతున్నరు."

"ఇప్పుడు మారిస్తే లొల్లి అయితది సార్. ఆఖరికి పెట్టుమని మీరే అన్నరు గద?"

"మర్యాదకు అన్న అన్నా."

"మేం గూడ మర్యాదకే ఒప్పుకున్నం." ఆయన చూపు టీవీ మీంచి కదల్లేదు.

మిగిలిన నలుగురిలో ఆయన మనవరాలూ ఉంది. తాతగారింట్లో నెట్ పరుగులు తీస్తుంది కాబట్టి, నేను కొయ్యబారిపోవడం ఆ పిల్లకే అందరికన్నా స్పష్టంగా కనిపించేది.

మర్నాడు భిన్నాల పాఠం. హోంవర్క్ మెసేజ్‌లో పంపాను. "ఒక సందులో ఏడిళ్లు. మొదటి ఇంట్లో నెట్ వేగం అరవై నాలుగు. ఒక్కో ఇల్లు దాటేసరికి సగమవుతుంది. ఏడో ఇంటికి ఎంత చేరుతుంది? ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి, సంతకం పెట్టించి ఫొటో పంపండి."

సాయంత్రం ఫొటో వచ్చింది. తెరుచుకోవడానికి ఒక చాయ్ తాగినంతసేపు పట్టింది. ముప్పై రెండు, పదహారు, ఎనిమిది... పిల్ల ఒక్క మెట్టూ వదలకుండా దిగి, "ఒకటి" అని రాసి కింద గీత కొట్టింది. ఆ గీత కింద తాతగారి సంతకం, ఫైళ్ల మీద పెట్టినంత పెద్దది.

నా డబ్బా ఉన్నచోటనే ఉంది. నేను మాత్రం ఆ సంతకం పక్కన ఎర్రగా ఒక టిక్కు కొట్టి, "తాతగారికి కూడా పూర్తి మార్కులు" అని రాసి, తిరిగి ఆయన ఇంటికే పంపాను.