చక్రాల ఇంటికి మట్టం

విజయమ్మ మోకాళ్లు ఇక మగ్గానికి పనికిరావని దవాఖానలో చెప్పిన నెలలోనే, ఆమె భర్త బాలస్వామి లారీ తోలడం మానేసి ఇంటికి వచ్చేశాడు. అది ఇద్దరికీ ఇబ్బందే అయింది. పెళ్లయిన నాటి నుంచీ ఆమె గద్వాలలో గుంట మగ్గం మీద, ఆయన రోడ్ల మీద. ఎప్పుడో ఒకసారి వచ్చి, స్నానం చేసి, తిని, ఒళ్లు తెలియకుండా నిద్రపోయి, మళ్లీ బండెక్కే మనిషితో ఆమె కాపురం చేసింది. కూతురు ఉమ పుట్టినప్పుడు ఆయన నాగపూర్‌లో సరుకు దించుతున్నాడు. ఉమ బడిలో చేరినప్పుడు ఎక్కడున్నాడో ఆయనకే గుర్తులేదు.

ఇప్పుడు పొద్దున లేస్తే ఎదురుగా ఆయనే. ఆయనకేమో ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో తెలియదు. ఆమెకేమో పగటిపూట ఆయనతో ఏం మాట్లాడాలో తెలియదు.

విజయమ్మ మంచి నేతకత్తె. చీర నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోట ఆమె చేతిపని ఎంత సన్నగా ఉండేదంటే, వేలితో తడిమినా అతుకు అందేది కాదు. మగ్గాన్ని తోటికోడలు కూతురికి ఇచ్చేసింది. గుంట మాత్రం పూడ్చలేదు, పైన చెక్క పలకలు పరిచి వదిలేసింది. అయినా తెల్లవారక ముందే మెలకువ వచ్చేది. లేచి ఆ పలకల పక్కన చాప వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

ఒకనాడు బాలస్వామి హైదరాబాదు వెళ్లి, తన జీపు వెనక ఒక పాత ట్రైలర్ తగిలించుకుని వచ్చాడు. ఎప్పుడో సినిమా షూటింగుల్లో నటులకు గదిగా తిరిగిన బండి అది. ఒక మంచం, ఒక పొయ్యి గట్టు, చిన్న స్నానాల గది, రెండు కిటికీలు. తెల్లరంగు పసుపుకు తిరిగింది. వీధిలో పిల్లలు దాని చుట్టూ మూగారు. విజయమ్మ గడపలో నిలబడి చూసింది.

"ఇదేంది?"

"ఇల్లు."

"ఉన్న ఇల్లు ఏమైంది?"

"అది కదలదు కదనే," అన్నాడు బాలస్వామి. "లారీ మీద పోతా పోతా ఎన్ని ఊర్లు చూసిననో. అన్ని చూసిన గని, యాడ ఆగలే. సరుకు దించుడు, తిరుగుడు. ఇప్పుడు ఆగి చూద్దామని."

వీధివాళ్లు నవ్వారు. ఉమ వనపర్తి నుంచి ఫోన్ చేసి, "నాయినకు ఏమైందమ్మా?" అని అడిగింది. విజయమ్మ మాత్రం కాదనలేదు. ఆ పలకల పక్కన కూర్చోవడం కన్నా ఏదైనా మేలే అనుకుంది.

రెండు మూడు వారాలు బాలస్వామి దాని మీదే పడ్డాడు. పైకప్పు కారే చోట పూత పూశాడు, కొత్త టైర్లు వేయించాడు, గోడకు మడత బల్ల ఒకటి బిగించాడు. తర్వాత ఇద్దరూ బయలుదేరారు. జూరాల దగ్గర ఒక రాత్రి ఉన్నారు. తెల్లారేసరికి ఇద్దరూ మంచం మీద ఒక మూలకు జారి ఉన్నారు. కల్వకుర్తి దగ్గర ఒక చేను గట్టు మీద ఆగితే తలుపు దానంతట అదే తెరుచుకునేది. గిన్నెలు కడిగిన నీళ్లు తొట్టిలోనే నిలిచిపోయేవి. "మట్టంగా లేనట్టుంది," అని విజయమ్మ ఒకసారి అంది. "నేను చూసిన, మంచిగనే ఉంది," అన్నాడాయన. ముప్పై చిల్లర ఏళ్లు పెద్ద బండ్లు తోలిన మనిషి. ఆయనకే తెలుసులే అనుకుంది.

అక్కడి నుంచి మన్ననూర్ వచ్చారు. అడవిలో రాత్రి పూట బండి ఆపనివ్వరు, అది పులుల అడవి. అందుకని ఊరి అంచున, బాలయ్య అనే రైతు చేనుకు వెళ్లారు. బాలయ్య తన పల్లి చేను పక్కన కొంత జాగా చదును చేసి, అడవి చూడ్డానికి వచ్చే వాళ్లను గుడారాలు వేసుకోనిస్తాడు. ముందురోజే వాన పడింది. నేల పైకి గట్టిగా కనిపిస్తోంది గానీ, కాలు పెడితే మెత్తగా దిగుతోంది.

బాలస్వామి ట్రైలర్‌ను ఒక ఏటవాలు చోట ఆపాడు. జీపు నుంచి విప్పి, నాలుగు మూలల కింద ఉండే ఇనుప కాళ్లు దించాడు. ఆ కాళ్లు బండిని కదలకుండా పట్టి ఉంచడానికే గానీ ఎత్తడానికి కాదు. అది ఆయనకూ తెలుసు. కానీ మబ్బు పడుతోంది, ఆకలవుతోంది. పల్లం వైపు రెండు కాళ్లనూ తిప్పుకుంటూ పోయి, బండిని వాటి మీదే పైకి లేపాడు. మధ్యలో లోపలికి వెళ్లి ఫోన్‌లో మట్టం చూసుకుని, మళ్లీ వచ్చి తిప్పాడు.

"నేను లోపలికి ఎక్కుతున్న, పప్పు పొయ్యి మీద పెడత," అని విజయమ్మ చెప్పింది. ఆయన ఊఁ అన్నాడు. విన్నాడో లేదో.

పప్పు ఉడికి, ఆమె తాలింపు కోసం గరిటె అందుకుంటుండగా, కింద ఏదో కుంగినట్టయింది. ఒక ఇనుప కాలు మెత్తని నేలలోకి దిగిపోయింది. గది మొత్తం ఒక పక్కకు ఒరిగింది. పప్పు గిన్నె గట్టు మీంచి జారి ఆమె పాదం మీద పడింది. మోకాలు పోయి అల్మారకు కొట్టుకుంది. పొయ్యి ఆర్పాలన్న తెలివి మాత్రం ఆ క్షణంలోనూ ఉంది. ఆర్పి, తలుపు పట్టుకుని, కిందికి దిగి కూలబడింది.

బాలయ్య బిందెతో పరుగెత్తుకొచ్చి పాదం మీద నీళ్లు పోశాడు. "ఏం కాదు అక్కా, నీళ్లు పడనియ్, ఇంకా పడనియ్," అంటూ పోస్తూనే ఉన్నాడు.

బాలస్వామి బండి అవతల నుంచి వచ్చాడు. భయం నోట్లోంచి కోపమై వచ్చింది. "లోపలికి ఎందుకు ఎక్కినవ్? నేను కింద సెట్ చేస్తున్న కద!"

"చెప్పే ఎక్కిన."

"నాకు ఇనపడలే."

"నీకు ఎప్పుడు ఇనపడ్డది గనక?" అంది విజయమ్మ. గొంతు పెద్దది చేయలేదు. "రేపు పొద్దున నన్ను అచ్చంపేటకు తోల్కపో. ఆడ బస్సెక్కి గద్వాల పోత. నువ్వు, నీ ఇల్లు, యాడ తిరుగుతరో తిరుగుండ్రి."

బాలయ్య బిందె అక్కడే పెట్టి, పని ఉన్నట్టు అవతలికి వెళ్లాడు.

బాలస్వామి కాసేపు ట్రైలర్ చుట్టూ తిరిగాడు. వంగి కిందికి చూశాడు. తర్వాత వచ్చి ఆమెకు కొంచెం దూరంలో నేల మీద కూర్చున్నాడు.

"తోల్కపోత," అన్నాడు. "గని ఈ రాత్రికి పండుకోనీకన్న దీన్ని నిలబెట్టాలె. నా ఒక్కనితోటి కాదు విజయా."

ఒక్కనితోటి కాదు అన్న మాట ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. లారీ కింద పడుకుని ఒక్కడే గేర్‌బాక్స్ దించానని చెప్పుకునే మనిషి. ఆమె పాదం చూసుకుంది. ఎర్రబడింది గానీ బొబ్బ లేవలేదు.

"మంచిగనే ఉందన్నవ్ కద, దేన్ని చూసి అన్నవ్?" అని అడిగింది.

"ఫోన్‌ల. గీత మధ్యకు వస్తె మట్టమున్నట్టు."

"ఫోను యాడ పెట్టినవ్?"

"బల్ల మీద."

విజయమ్మ మెల్లగా లేచింది. మగ్గం కట్టేటప్పుడు నిలువు కట్టెలు ఒకటి దిగి ఒకటి ఎగిసి ఉంటే, ఎంత బాగా నేసినా బట్ట ఒక పక్కకు లాగుతుంది. అందుకే కట్టెల సంగతి నేల దగ్గరే చూడాలని వాళ్ల నాయన చెప్పేవాడు. ఆమె తలుపు దగ్గర నిలబడే ఒక స్టీలు పళ్లెం అందుకుని, అందులో కొన్ని నీళ్లు పోసి, లోపల నేల మీద పెట్టింది. నీళ్లన్నీ ఒక అంచుకు పోయి నిలిచాయి. "ఇప్పుడు నీ ఫోను పక్కన పెట్టు," అంది. నేల మీద ఫోన్ కూడా నీళ్ల మాటే చెప్పింది. అదే ఫోన్ బల్ల మీద పెడితే ఇంకో లెక్క చెప్పింది.

బాలస్వామి రెండు సార్లు మార్చి మార్చి పెట్టి చూశాడు.

"బల్లనే వంకరుంది," అన్నాడు చివరికి.

"ఎవరు బిగించిండ్రు?"

"నేనే." తల గోక్కున్నాడు. "ఇన్నొద్దులు బల్లకు సరిపోయేటట్టు ఇల్లు వంచుతున్ననన్న మాట."

విజయమ్మకు నవ్వు వచ్చింది గానీ బయటికి రానివ్వలేదు.

ఇద్దరూ మొదటి నుంచి మొదలుపెట్టారు. బాలయ్య మందమైన చెక్క పలకలు కొన్ని తెచ్చి ఇచ్చాడు. కాళ్లు పైకి తిప్పి, ట్రైలర్‌ను మళ్లీ జీపుకు తగిలించి, గట్టి నేల మీదికి లాగారు. పల్లం వైపు చక్రం ముందు పలకలు పరిచి, చక్రం వాటి మీదికి ఎక్కేలా లాగాలి. జీపులో కూర్చున్న వాడికి ఎంత ఎక్కిందో కనపడదు.

"క్లీనర్ లెక్క బాడీ మీద కొట్టు," అన్నాడు బాలస్వామి. "రెండు దెబ్బలంటె పోనియ్ అని, ఒక్క దెబ్బంటె ఆగు అని. ఒక్క దెబ్బ పడ్డదంటె నేను మారుమాట లేకుంట ఆపుత."

"మారుమాట లేకుంటనా?"

"లారీ మీద క్లీనర్ మాట ఇనకపోతె లోయల పడతం."

ఆమె తలుపు దగ్గర నిలబడి, పళ్లెం మీద కన్నేసి రెండు దెబ్బలు కొట్టింది. జీపు కదిలింది. చక్రం పలక ఎక్కింది. నీళ్లు అంచు నుంచి జరిగి పళ్లెమంతా పరుచుకుంటున్నాయి. ఒక్క దెబ్బ కొట్టింది. జీపు అక్కడికక్కడే ఆగింది. ఆయన ఎందుకని అడగలేదు, తల కూడా తిప్పలేదు. ఆమె చెయ్యి ట్రైలర్ రేకు మీదే కాసేపు ఉండిపోయింది.

చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టాకే జీపును విప్పారు. తర్వాత బండి ముందువైపు జాకీ తిప్పి ముక్కు భాగం సరిచేశారు. ఆఖర్న మూలల కాళ్ల కింద వెడల్పు పలకలు వేసి, నేలకు ఆనేంత వరకే దించారు. లోపల నడిస్తే ఇల్లు ఊగలేదు. బాలయ్య ఇంటి నుంచి జొన్నరొట్టెలు, పచ్చడి వచ్చాయి. గిన్నె అడుగున మిగిలిన పప్పుతో తిన్నారు.

పొద్దున బాలస్వామి జీపు తుడిచి, అచ్చంపేట ప్రయాణానికి సిద్ధంగా ఉంచాడు. విజయమ్మ సంచి సర్దుకునే ఉంది. బాలయ్యను పిలిచి, "అడవిల తిప్పే జీపులు ఎప్పుడు పోతయ్ తమ్మీ?" అని అడిగింది. "ఇంత దూరమొచ్చిన, చూసి పోత."

పులి కనపడలేదు. కొండ అంచున నిలబడితే కిందంతా అడవే, ఎక్కడా ఒక్క ఇంటి కప్పు లేదు. నాలుగు గోడల మధ్య బతికిన విజయమ్మ అంత ఖాళీ చోటు ఎన్నడూ చూడలేదు. కళ్లనీళ్లు వచ్చాయి. ఎందుకో ఆమెకూ తెలియలేదు. బాలస్వామి వచ్చి పక్కన నిలబడ్డాడు. తిరిగి వచ్చాక బస్సు మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత రెండేళ్లు వాళ్లు ఎండాకాలం తప్ప మిగతా కాలమంతా తిరిగారు. ఉప్పునుంతల వైపు పత్తి చేల పక్కన, సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున ఆగారు. పోట్లాడుకున్నారు కూడా. అయితే అవి పగలూ రాత్రీ కలిసి ఉండే మొగుడూ పెళ్లాల పోట్లాటలు. పొద్దున మొదలై మాపటికి అయిపోయేవి.

పోయినేడు ఆమె మోకాళ్లకు ఆపరేషన్ తప్పలేదు. గద్వాల ఇంటి గడపలు ఎత్తు. ఉమ వనపర్తిలో ఉండేది రెండో అంతస్తు. "మెట్లెట్ల ఎక్కుతదమ్మ?" అని ఉమ పరేషాన్ అయింది. బాలస్వామి మాత్రం ఉమ ఇంటి పక్క ఖాళీ జాగా యజమానిని అడిగి, ట్రైలర్ తెచ్చి అక్కడ పెట్టి, ఎక్కడానికి తలుపు దగ్గర ఏటవాలు పలక వేశాడు. నాలుగు కాళ్ల వాకర్ చట్రం పట్టుకుని నడిచే మనిషికి నేల వేలెడంత వాలుగా ఉన్నా చాలు, చట్రం జారుతుంది. ఆయన ఆ పొద్దంతా నేల మీద బోర్లా పడుకుని చూస్తూ, లేస్తూ, పలకలు తీస్తూ, వేస్తూనే ఉన్నాడు. ఉమ కిటికీలోంచి, "చాలు నాయినా, మంచిగనే ఉంది," అని అరిచింది. "నీకు తెల్వదు, నువ్వు పో," అన్నాడు.

దవాఖాన నుంచి తెచ్చిన మూడో రోజున విజయమ్మ మంచం దిగి చట్రం పట్టుకుంది. బాలస్వామి వెనకాల చేతులు చాచి నిలబడ్డాడు గానీ ముట్టుకోలేదు. ఒక అడుగు. ఇంకొకటి. చట్రం ఎక్కడ పెడితే అక్కడే నిలిచింది. పొయ్యి గట్టు దాటింది, స్నానాల గది దాటింది, తలుపు దాకా వచ్చింది. ఒళ్లంతా చెమటలు పట్టాయి.

"కూర్చుంటవా?" అన్నాడు.

"జర ఆగు," అంది. బయట వీధిలో కూరగాయల బండి పోతోంది. ఆమె చట్రం వదలకుండానే మెడ బయటికి చాచి, "ఓ పిల్లా, బెండకాయలు లేతయేనా? ఒకటి ఇరిచి చూపియ్," అని కేక వేసింది.